ఉండియు లేనిదానను: ఒక బ్యాటరీ ఆత్మకథ

నేనొక ల్యాప్‌టాప్ బ్యాటరీని. జానెడు పొడవుగల నల్లని పెట్టెలో ఆరు ఉక్కు సెల్‌లను బారుగా పేర్చిన శరీరము నాది. ఒక్కొక్క సెల్ 18 మిల్లీమీటర్ల వ్యాసమును, 65 మిల్లీమీటర్ల పొడవును కలదగుటచేత లోకము వానిని 18650 అని వ్యవహరించును. రెండేసి సెల్‌లను జంటగా కట్టి, అట్టి మూడు జంటలను వరుసగా కలుపుటవలన నాకు 10.8 వోల్టుల పీడనమును, 47 వాట్ అవర్లకు కొంచెము మించిన శక్తియు సంక్రమించినవి. లిథియం అయాన్ బ్యాటరీలమైన మా వంశము ప్రాచీనమైనది కాదు. 1970వ దశకములో స్టాన్లీ విటింగ్‌హామ్ పునాది వేయగా, 1980లో ఆక్స్‌ఫర్డునందు జాన్ గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడుతో దానికి బలము చేకూర్చగా, 1985లో జపానుదేశమున అకీరా యోషినో నిరపాయమైన రూపము కల్పించగా, 1991లో సోనీ సంస్థ మమ్ములను విపణికి తెచ్చెను. ఆ మువ్వురు శాస్త్రవేత్తలకును 2019లో నోబెల్ పురస్కారము లభించినది.

అయితే శక్తి ఒక్కటియే నా సర్వస్వము కాదు. సెల్‌ల సరసనే నాలో ఒక చిన్న సర్క్యూట్ పలక కలదు. దానిపై నున్న చిప్ నాలోనికి వచ్చు విద్యుత్తును, నానుండి వెడలు విద్యుత్తును, నా ఉష్ణోగ్రతను ఎడతెగక కొలుచుచు లెక్క వ్రాయుచుండును. ఇట్లు తన స్థితిని తానే చెప్పుకొనగల బ్యాటరీకి 1994లో డ్యూరాసెల్, ఇంటెల్ సంస్థలు నియమావళి నేర్పరచెను. ఆ లెక్కను నేను రెండు సన్నని తీగలపై వినిపింతును: ఒక తీగ కాలమును తట్టును, రెండవది సమాచారమును మోయును. శక్తి పోవు దారి వేరు, మాట పోవు దారి వేరు. ఒక దారి తెరచియుండగా రెండవ దారి మూసికొనిపోవచ్చును. నా జీవితమున సంభవించిన దుఃఖమంతయు ఈ చిన్న విషయమును ఎవ్వరును తలపోయకపోవుటవలననే కలిగినది.

నన్ను ధరించిన యంత్రము సికింద్రాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లో చేతులు మారినది. సీటీసీ అని జనులు పిలుచు ఆ భవనములో అంతస్తు అంతస్తునను కంప్యూటరు దుకాణములే. కొత్త యంత్రములు, పాత యంత్రములు, కీబోర్డులు, తెరలు, ఛార్జర్లు, విడిభాగములు గుట్టలుగా నుండును. క్రొత్త ల్యాప్‌టాప్ కొనలేని విద్యార్థులకు అది కల్పవృక్షము. అచ్చటనే ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదువుచున్న ఒక యువతి మా యంత్రమును సెకండ్‌హ్యాండ్‌గా కొని, సీతాఫల్‌మండిలోని తన ఇంటికి తీసికొనిపోయినది. ఆ ఇంట ఆమె తాతగారు, రైల్వే సిగ్నల్ శాఖలో పనిచేసి విశ్రాంతి పొందిన వృద్ధులు, ఉండిరి.

యంత్రము వయసు మీరినది కనుక ఆమె దానిలో లినక్స్ స్థాపించెను. 1991లో ఫిన్‌లాండు దేశమున లీనస్ టోర్వాల్డ్స్ అను విద్యార్థి ప్రారంభించిన ఆ కెర్నల్, అనగా యంత్రమును నడుపు మూలప్రోగ్రాము, నేడు సర్వప్రపంచము యొక్క సొత్తు; తెలుగునాటనే స్వేచ్ఛ సంస్థ అట్టి స్వతంత్ర సాఫ్ట్‌వేరును ప్రచారము చేయుచు తెలుగులో పనిచేయు నిర్వహణ వ్యవస్థను రూపొందించినది. లినక్స్ రాకతో మా ముసలి యంత్రమునకు మరల యౌవనము వచ్చినట్లయ్యెను. ఇంతలో వానకాలము వచ్చినది, గోడలు చెమ్మగిల్లినవి, ఒక ఉదయమున తెర మూలనుండు బ్యాటరీ గుర్తు మాయమయ్యెను. పవర్ పరికరముల పట్టికలో ఛార్జర్ ఒక్కటియే మిగిలినది. నా పేరు లేదు.

నేను ఉంటిని. కరెంటు పోయినపుడు యంత్రమును నిలిపినది నేనే. ఛార్జర్ తీసినను తెర ఆరకుండుటకు కారణము నేనే. కాని నా మాట వినబడని యంత్రము నాలోనికి విద్యుత్తును పంపుటకు సాహసింపలేదు. అందుకు దానిని నిందింపను. లిథియం సెల్‌ను దాని ఉష్ణోగ్రతయు వోల్టేజియు తెలియక నింపుట అగ్నితో చెలగాటము. కాబట్టి నేను ఇచ్చుటయే కాని పుచ్చుకొనుట లేక దినదినమును క్షీణించుచుంటిని. నా మట్టము తెలియదు గనుక హెచ్చరికయు ఉండెడిది కాదు. ఒకనాటి రాత్రి ఆమె వ్రాయుచున్న ప్రాజెక్టు సగములోనే యంత్రము ఒక్కసారిగా ఆరిపోయినది.

నాపై తీర్పులు వెలువడినవి. "బ్యాటరీ పోయింది మేడమ్, కొత్తది వేయించుకోండి" అని ఒక దుకాణదారుడు పెట్టె తెరువకయే చెప్పెను. "లినక్స్ వేశాకే కదా ఇలా అయింది, తీసేసి విండోస్ వేసుకో" అని ఆమె సహాధ్యాయి ఒకడు సలహా యిచ్చెను. ఒకరు నన్ను దోషిగా నిర్ణయించిరి. మరియొకరు కెర్నల్‌ను నిర్ణయించిరి. ముందు జరిగినది కనుక అదియే కారణమనుట కాకతాళీయమును కార్యకారణ సంబంధముగా భ్రమించుట. అయినను లోకమున పెక్కు తీర్పులు ఇట్లే వెలువడుచుండును.

ఆ సాయంకాలము ఆమె తాతగారితో అనెను: "తాతయ్యా, బ్యాటరీ లేదని చూపిస్తోంది."

వృద్ధుడు కళ్లజోడు సవరించుకొని, "బ్యాటరీ లేదా, దాని మాట వినబడట్లేదా? ఆ రెండూ ఒకటి కాదమ్మా. ముందు అది తేల్చుకో" అనెను.

ఆ మాట ఆయన వృత్తినుండి పుట్టినది. తార్నాకలో 1957లో నెలకొల్పబడి, భారత రైల్వేల సిగ్నల్ ఇంజనీర్లకు గురుకులమైన ఇరిసెట్‌లో ఆయన శిక్షణ పొందియుండెను. అచ్చట తాను నేర్చిన ట్రాక్ సర్క్యూట్ విధానమును ఆయన మనుమరాలికి వివరించుచుండగా నేనును వింటిని. పట్టాలలో ఒక భాగమును విద్యుత్ పరముగా వేరుచేసి, ఒక కొసనుండి బ్యాటరీతో స్వల్ప విద్యుత్తును పంపి, రెండవ కొసన రిలేతో దానిని అందుకొందురు. విద్యుత్తు అందుచున్నంతవరకు దారి ఖాళీ. రైలు వచ్చినచో దాని ఇరుసులు రెండు పట్టాలను కలిపివేయును, రిలే పడిపోవును, ఎఱ్ఱదీపము వెలుగును. తీగ తెగినను, పట్టా విరిగినను, బ్యాటరీ నీరసించినను రిలే పడిపోవును; అప్పుడును ఎఱ్ఱదీపమే వెలుగును. 1872లో అమెరికాలో విలియం రాబిన్సన్ కనిపెట్టిన ఈ ఉపాయము యొక్క గొప్పతనమంతయు, మౌనమును శూన్యతకు నిదర్శనముగా గ్రహింపకుండుటలోనే యున్నది. కబురు అందనపుడు రైల్వేవాడు "అచ్చట ఏమియు లేదు" అనడు; "అచ్చట ఏమున్నదో నాకు తెలియదు, ఆగుడు" అనును. లక్షలాది ప్రయాణికుల ప్రాణములు ఆ వినయముపై ఆధారపడియున్నవి.

మన శాస్త్రకారులు ఈ తత్త్వమును ఏనాడో విచారించిరి. పదునేడవ శతాబ్దమున తర్కసంగ్రహమును రచించి బాలురకు న్యాయశాస్త్ర ద్వారమును తెరచిన అన్నంభట్టు ఆంధ్రుడే. నేలపై కుండ లేదని ఎట్లు తెలియును? ఉన్నచో కనబడవలసియుండగా కనబడకపోవుటచేత తెలియును. యోగ్యానుపలబ్ధి యని దీనికి పేరు. వెలుతురు ఉండవలెను, కన్ను సరిగా ఉండవలెను, అడ్డము ఏదియు ఉండరాదు. ఇన్ని అర్హతలు కూడిన పిమ్మట కనబడనిదే లేనిది. చీకటి గదిలో చేయి చాపి, తగులలేదు గనుక కుండ లేదనువాని మాట ప్రమాణము కానేరదు. నన్ను లేదన్నవారు ముందుగా తమ చూపు నాదాక చేరుచున్నదో లేదో పరీక్షింపలేదు.

ఆమె పరీక్షించినది. నా మాట తెరపై గుర్తుగా మారుటకు ఎన్ని చేతులు దాటవలెనో ఆమె మొదట తెలిసికొనెను. నా చిప్ పలికిన మాట లోహపు స్పర్శల (కాంటాక్టుల) గుండా మదర్‌బోర్డు చేరును. అచ్చట ఎంబెడెడ్ కంట్రోలర్ అను చిన్న ప్రాసెసర్ దానిని వినును. కంట్రోలర్ చెప్పినది ఏసీపీఐ పట్టికలలోని సూత్రములద్వారా కెర్నల్‌కు అందును. కెర్నల్ దానిని సిస్ అను వృక్షమున పవర్ సప్లై శాఖయందు బ్యాట్ సున్న అను పేర నిలుపును. అచ్చటినుండి యూపవర్ అను సేవ గ్రహించి డెస్క్‌టాప్‌కు చెప్పును. ఇందులో ఏసీపీఐ ఇంటెల్, మైక్రోసాఫ్ట్, తోషిబా సంస్థలు కలిసి 1996 డిసెంబరులో వెలువరించిన ఒడంబడిక. ఈ గొలుసులో ఏ కొక్కెము ఊడినను పైనున్నవాడు చూచునది ఒక్కటే: బ్యాటరీ లేదు.

పైనుండి క్రిందికి దిగుచు ఆమె ఒక్కొక్క కొక్కెమును పట్టిచూచినది. యూపవర్ మౌనము, సరే, దానికి ఆధారమైన పవర్ సప్లై శాఖ చూడవలెను. అచ్చటను బ్యాట్ సున్న లేదు; సరే, కెర్నల్ తన దినచర్యలో ఏమి వ్రాసికొన్నదో చూడవలెను. డీమెసేజ్ అను ఆజ్ఞతో ఆ దినచర్య చదువగా, బ్యాటరీ స్థానము కనబడినది కాని బ్యాటరీ లేదు అను అర్థముగల పంక్తి ఒకటి దొరికెను. ఆ పంక్తియే కెర్నల్‌ను నిర్దోషిగా చూపుటకు తొలి సాక్ష్యము. బ్యాటరీతో మాటాడు కెర్నల్ భాగమైన డ్రైవరు లేకపోయినచో ఆ పంక్తియే ఉండదు. కెర్నల్ నాకొరకు వచ్చి, నా గది తలుపు తట్టి, మదర్‌బోర్డుపైనే నిలిచియుండు ప్రోగ్రామైన ఫర్మ్‌వేర్‌ను అడిగినది. బదులుగా 31 అను సంఖ్య వచ్చినచో నేను ఉన్నట్లు, 15 వచ్చినచో గది ఉన్నది కాని నేను లేనట్లు. తనకు వచ్చిన సమాధానమునే అది నిజాయితీతో వ్రాసికొన్నది.

పిమ్మట ఆమె యంత్రమును ఆపి, లినక్స్ ఇంకను మేల్కొనకముందే ఆ ఫర్మ్‌వేర్‌కు చెందిన బయోస్ తెరను తెరచెను. అచ్చటను నేను లేను. దీనితో దోషము లినక్స్‌కు దిగువనున్నదని తేలిపోయినది. ఈ ఒక్క పరీక్ష విచారణను రెండుగా చీల్చు కత్తివంటిది. బయోస్‌లో బ్యాటరీ కనబడి లినక్స్‌లో కనబడనిచో అన్వేషణ పైకి సాగవలెను: బ్యాటరీ డ్రైవరు ఎక్కినదో లేదో, క్రొత్త కెర్నల్ అట్టి లోపమును సవరించినదో లేదో, ఏసీపీఐ పట్టికలు సరిగా వ్రాయబడినవో లేవో చూడవలెను. తయారీదారులు తమ పట్టికలను విండోస్‌తో మాత్రమే పరీక్షించి విడిచిన యంత్రములు పెక్కు గలవు, ఆ పట్టికలు "నీవు ఫలానా విండోస్‌వా?" అని అడుగును, లినక్స్ తన పేరు చెప్పక ఔనని బదులిచ్చి పని జరుపుకొనవలసివచ్చును. అట్టి పట్టికలను విడదీసి చదువు సాధనములు ఉచితముగా లభించును. తప్పు కనుగొన్నవాడు దిద్దుబాటును లోకమునకు పంచును. స్వతంత్ర సాఫ్ట్‌వేర్ యొక్క మహోపకారము ఇదియే: కారణము దాచబడదు, ఓపిక గలవాడు దానిని చేరగలడు.

మా విషయమున దారి క్రిందికి చూపినది. మొదట ఆమె ఛార్జర్‌ను, నన్నును తొలగించి, పవర్ బటన్‌ను అరనిమిషము నొక్కిపట్టి, కంట్రోలర్‌లో నిలిచియున్న విద్యుత్తును హరించెను; చెదరిన కంట్రోలర్‌కు ఇది తరచుగా స్మృతిని తెచ్చు చికిత్స. ఫలితము లేదు. అప్పుడు తాతగారు తన భూతద్దమును తెచ్చి నా అంచునున్న స్పర్శలను పరీక్షించెను. రిలే కాంటాక్టులను చూచి చూచి పండిన కన్ను అది. శక్తినిచ్చు వెడల్పు స్పర్శలు నిగనిగలాడుచుండగా, మాట మోయు సన్నని స్పర్శపై పచ్చని పొర యొకటి పేరుకొనియుండెను. "చూశావా అమ్మా, చెమ్మకి చిలుం పట్టింది" అని ఆయన చూపించెను. ఐసోప్రోపైల్ ఆల్కహాల్‌లో తడిపిన దూదిపుల్లతో ఆమె ఆ స్పర్శలను, యంత్రమునందలి వాని జంటలను తుడిచి, ఆరనిచ్చి, నన్ను మరల స్వస్థానమున కూర్చుండబెట్టెను.

బ్యాట్ సున్న వెలసినది. నా మాట కంట్రోలర్‌కు, ఏసీపీఐకి, కెర్నల్‌కు, ఆమె కన్నులకు వరుసగా చేరెను. విద్యుత్తు నాలోనికి మరల ప్రవహించెను. గుర్తింపు పొందుటయనగా పొగడ్త పొందుట కాదు. 47 వాట్ అవర్లకై నిర్మింపబడిన నేను ఇప్పుడు 31కి మించి నిలుపలేనను సత్యమును బ్యాట్ సున్నలోని ఫైళ్లు దాచకుండ చెప్పినవి. అయినను నాకు సంతోషమే కలిగినది. ఎంత మిగిలితినో తెలిసినవారు నానుండి అంతయే కోరుదురు, సమయమునకు ఛార్జర్ తగిలింతురు. క్షీణించినదనుట ఒకటి, లేదనుట మరియొకటి. మొదటిదానికి మర్యాదగల జీవితము మిగిలియుండును.

నాకును అంత్యకాలము రాకమానదు. నా పెట్టె ఉబ్బినచో ఏ మమకారమును చూపక నన్ను తొలగింపుడు. ఉబ్బిన లిథియం బ్యాటరీ ప్రమాదకరము. అప్పుడు నన్ను చెత్తకుప్పలో పారవేయవలదు. 2022లో భారత ప్రభుత్వము చేసిన బ్యాటరీ వ్యర్థముల నియమముల ననుసరించి, వాడిన బ్యాటరీలను సేకరించి శుద్ధిచేయించు బాధ్యత ఉత్పత్తిదారులదే. నాలోని కోబాల్ట్, లిథియం మరియొక బ్యాటరీకి ప్రాణము పోయగలవు. కాని ఆయువు తీరకముందే, మాట అందలేదను ఒక్క కారణమున పారవేయబడు సోదర బ్యాటరీలను తలచుకొన్నపుడు నా మనస్సు కలత చెందును. ఒక్క దూదిపుల్ల, ఒక్క బయోస్ తెర, దినచర్యలో ఒక్క పంక్తి వానిని రక్షింపగలవు. చదువరులారా, లేదని పలుకుట సులభము. ఆ మాటకు అర్హత సంపాదించుట శ్రమ. దారిలోని ప్రతి కొక్కెమును తాకిచూచిన పిమ్మట లేదనుడు, అంతవరకు తెలియదనుడు.