నాలుగు నట్ల మీద బ్రహ్మాస్త్రం

ఏలూరులో మంచు పడదు. పడుంటే ఈ వ్యాసంతో పనుండేది కాదు.

మిన్నెసోటాలోనో మిషిగన్‌లోనో ఉంటున్న మన పిల్లలు చలికాలం ముందు కారుకి మంచు టైర్లున్న చక్రాలు తొడుగుతారు. ఎండలు రాగానే మామూలువి ఎక్కిస్తారు. అక్కడ మెకానిక్ గంటకి పుచ్చుకునే కూలి వింటే ఇక్కడ మనకి కళ్లు బైర్లు కమ్ముతాయి. అందుకని నట్లు విప్పి బిగించడానికి బ్యాటరీతో తిరిగే ఇంపాక్ట్ గన్ ఒకటి షెడ్డులో పెట్టుకుని, ఏడాదికి రెండుసార్లు ఆ పని వాళ్లే కానిచ్చేసుకుంటారు. సబబే. వాళ్లు పంపిన వీడియో చూసి తాడేపల్లిగూడెంలో మావయ్యగారు అలాంటిదే ఆర్డరు పెట్టారు చూడండి, అక్కడొచ్చింది తంటా.

ఇప్పుడు గూడెంలో గానీ, ఏలూరు పవర్‌పేటలో గానీ ఆదివారం పొద్దున్నే ‘డర్ర్ర్’మని చప్పుడైతే ఎవరో బోరు వేయిస్తున్నారని కంగారు పడకండి. పక్కింటి పెద్దాయన కారు చక్రం ఊడదీస్తున్నారు. పంక్చరైందా? లేదు. టైరు అరిగిందా? అదీ లేదు. పదివేల కిలోమీటర్లకోసారి టైర్లు ముందువి వెనక్కీ వెనకవి ముందుకీ మార్చాలని ఎక్కడో చదివారట. ఆయన కారు నెలకోసారి ద్వారకాతిరుమల వెళ్లొస్తుంది, పెళ్లిళ్ల సీజనులో భీమవరం. ఆ లెక్కన పదివేలు తిరగడానికి అయిదారేళ్లు పడుతుంది. అంతకాలం గన్ ఊరుకుంటుందా? తెచ్చి కట్టేశాక దానికి మేత పడాల్సిందే.

ఆన్‌లైన్‌లో చవగ్గా దొరికే, ఊరూ పేరూ లేని ఈ గన్నుల మీద ‘388 వీఎఫ్’ అని రాసుంటుంది. చూసినవాళ్లు వోల్టులనుకోవాలని వాడి ఆశ. మన ఇంటి కరెంటే 230 వోల్టులు. గన్ బ్యాటరీ విప్పితే వరసకి అయిదు సెల్లులు. నిండా చార్జి ఎక్కితే ఒక్కోటీ 4.2 వోల్టులు, వెరసి 21. మిగతా 367 ఎక్కడివయ్యా అంటే జవాబు లేదు, నాలుగున్నర చుక్కల రేటింగు ఉంది.

అయినా కొంప ముంచడానికి ఆ 21 చాలు. చిన్న కార్ల చక్రం నట్టుకి కంపెనీ చెప్పే బిగింపు దాదాపు 85 నుంచి 110 న్యూటన్ మీటర్లు. న్యూటన్‌ని పక్కన పెట్టి మన భాషలో చెప్పాలంటే, అడుగు పొడవు పానా చివర ముప్పై కిలోల బరువు వేస్తే ఎంత బిగుస్తుందో అంత. అంటే మామూలు మనిషి చేతికి అందే లెక్కే ఇది. రోడ్డు పక్కన ఒంటరిగా ఆగినవాడు కూడా ఊడదీసుకోగలడు. ఓ మోస్తరు గన్ అయినా దానికి మూడు నాలుగు రెట్లు కొడుతుంది. “ఇంకాస్త గట్టిగా ఉంటే మంచిదే కదండీ” అని పెద్దాయన వాదన. ట్రిగ్గరు మీద వేలు ఇంకో రెండు సెకన్లు ఉంచుతారు. నట్టు ఎక్కే స్టడ్డు సాగుతుంది. నాలుగు నట్లూ నాలుగు రకాలుగా బిగిస్తే బ్రేకు డిస్కు వంకర పోయి, బ్రేకు తొక్కినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. అప్పుడు “రోడ్లు బాలేవండీ” అంటారు. ఆ నింద మోయడానికి మన రోడ్లు ఎప్పుడూ సిద్ధమే.

అసలు నట్టు ఎక్కించడమే చూడండి. పంక్చరు షాపు కుర్రాడు నట్టుని రెండు వేళ్ల మధ్య పట్టుకుని, మొదట వెనక్కి అర చుట్టు తిప్పుతాడు. ‘టక్’మని మర కూర్చుంటుంది. ఆ తర్వాతే ముందుకి. రెండు మూడు చుట్లు వేలితోనే సాఫీగా పోవాలి. పోకపోతే తీసి, గుడ్డతో తుడిచి మళ్లీ పెడతాడు. ఒకటి బిగించాక దాని పక్కది ముట్టుకోడు, ఎదురుదానికి వెళతాడు. మన గన్ వీరుడు నట్టుని సాకెట్‌లో పెట్టి సరాసరి గురిపెడతాడు. మర అడ్డంగా పడితే వేలు ఆగుతుంది. గన్ ఆగదు, కోసుకుంటూ పోతుంది.

ఏమన్నా అంటే ఫార్ములా వన్ చూపిస్తారు. 2023లో ఖతార్‌లో మెక్‌లారెన్ వాళ్లు 1.80 సెకన్లలో నాలుగు చక్రాలూ మార్చేసిన మాట నిజమే. ఆ కార్లకి చక్రానికి ఒకటే నట్టు, ఒక్కో చక్రానికి ముగ్గురేసి మనుషులు. మన పెద్దాయనకి ఉన్నది ఫోనులో టార్చి పట్టుకున్న మనవడు ఒక్కడు, వాడి చూపూ ఫోను మీదే. అదే ఏడాది ఫిబ్రవరి 11న హైదరాబాదులో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పోటీ జరిగింది. ఆ పోటీలో చక్రాలు మార్చడానికి ఎవరూ ఆగరు. ఏ టైర్లతో మొదలుపెట్టారో వాటితోనే ముగిస్తారు. ఆ సంగతి మాత్రం ఎవరూ ఇంటికి మోసుకురాలేదు.

పంక్చరనేది పోర్టికోలో పడదు. ఫాల్గుణంలో, కొల్లేటికోట పెద్దింట్లమ్మ జాతరకి కైకలూరు మీదుగా వెళుతుంటే పడుతుంది. రెండు పక్కలా నీళ్లు, మధ్యలో గట్టు. గన్ ఎక్కడుంది? ఇంట్లో, చార్జింగులో. డిక్కీలో ఉన్నది కారుతోపాటు ఇచ్చిన పొట్టి పానా. పెద్దాయన చేత్తో లాగారు, కాలితో తొక్కారు. అల్లుడుగారు దాని మీదెక్కి గెంతారు. నట్టు కదల్లేదు గానీ దాని అంచులరిగి గుండ్రంగా తయారైంది. చేపల చెరువు కాపలా మనిషి ఈ భాగోతం కాసేపు చూసి, షెడ్డులోంచి ఇనప గొట్టం పట్టుకొచ్చి పానాకి తొడిగాడు.

“ఎవరు బిగించారండీ బాబూ దీన్ని? లారీ అనుకున్నారా?”

“షోరూములోనండి,” అన్నారు పెద్దాయన, అల్లుడి వైపు చూడకుండా.

“ఆయ్. షోరూమోళ్లకి తమరి మీద ఏదో కోపం ఉండుంటదండి.”

జాకీ కింద చెక్క ముక్క పెట్టమన్నదీ అతనే. లేకపోతే ఆ నల్లమట్టిలో కారు పైకి లేవదు, జాకీ కిందకి దిగుతుంది.

గన్ అనేదే వద్దని నేననడం లేదు. కొల్లేటి చేప ఐసులో పడుకుని బెంగాల్‌కీ అస్సాంకీ లారీల మీద పోతుంది. ఆ లారీ నట్టు బిగింపు దాదాపు ఆరువందల న్యూటన్ మీటర్లు, చక్రానికి ఎనిమిదో పదో నట్లు, పైగా ఐసు ఎవరి కోసమూ ఆగదు. భీమడోలు దగ్గర 16వ నంబరు జాతీయ రహదారి పక్కన గాలి గన్ మోగితే దానికో అర్థముంది. పని తెలిసినవాడు అక్కడ కూడా ఆఖరి బిగింపు చేతి పానాతోనే చూసుకుంటాడు.

ఇంకో వినోదం. ఇప్పుడు కార్లకి దాదాపు అన్నీ ట్యూబులెస్ టైర్లే. మేకు దిగితే చాలాసార్లు చక్రం ఊడదీయకుండానే కంతలో జిగురు పట్టీ దూర్చి, గాలి కొట్టి పంపేస్తారు. 2020లో కేంద్రం నిబంధనలు సవరించి, టైరులో గాలి తగ్గితే చెప్పే ఏర్పాటూ పంక్చరు కిట్టూ ఉన్న కార్లకి స్టెప్నీ లేకపోయినా ఫరవాలేదంది. మావయ్యగారు మొన్న కొన్న కారుకి స్టెప్నీ రానేలేదు. మార్చడానికి చక్రమే లేని కారుకి చక్రం మార్చే గన్, దానికి రెండో బ్యాటరీ, మోసుకెళ్లడానికో పెట్టె!

కొనక తప్పదనుకునేవాళ్లు టార్క్ రెంచి కొనుక్కోండి. ఎంత బిగించాలో దానికి చెబితే, అక్కడికి రాగానే ‘టిక్’మంటుంది. చప్పుడు తక్కువే, వీధిలో ఎవరూ తిరిగి చూడరు, ఆ లోపం ఉంది. ఇప్పటికే గన్‌తో బిగించేసినవారు మాత్రం ఈ ఆదివారం కారుతో వచ్చిన ఆ పొట్టి పానా తీసి, నట్లు ఊడుతున్నాయో లేదో ఇంటి దగ్గరే చూసుకోండి. ఊడకపోతే ఇనప గొట్టం కోసం కొల్లేటి దాకా పోనక్కర్లేదు, వీధి చివర పంక్చరు షాపులో ఉంటుంది. కుర్రాడు ఏమన్నా అంటే పడండి.