టైమవుట్‌లో ఏం చెబుతారండీ?

చంద్రశేఖరపురంలో తిరునాళ్లకు కూతకెళ్లే కుర్రాడికి కోచ్ ఉండడు. గట్టు మీది ముసలాయన "ఒరే అబ్బాయా, మూలోడు కాలు పట్టేస్తాడు, చూసుకో!" అని కేకేస్తాడు. ఫీజు ఒక బీడీ.

ప్రో కబడ్డీలో మన తెలుగు టైటాన్స్‌కు అలా కుదురుతుందా? కోచింగ్ బృందమే ఉంది. ఫలితం? ఎనిమిదో సీజన్‌లో 22 ఆటలకు 1 గెలుపు. తొమ్మిదిలో 2. పదిలోనూ 2. మూడుసార్లూ అట్టడుగే. నిలకడ లేదని మాత్రం ఎవరూ అనలేరు!

బోరులో నీళ్లు పడకపోతే కొబ్బరికాయ పట్టేవాణ్ణి మార్చినట్టు కోచ్‌లను మార్చారు. 2023 వేలంలో రైడర్ పవన్ సెహ్రావత్‌కు 2 కోట్ల 60 లక్షలు పోశారు. అప్పటికి లీగ్‌లో అదే రికార్డు. అంటే ఆ పదో సీజన్‌లో గెలుపు ఒక్కింటికి 1 కోటి 30 లక్షలు. (ముసలాయనకు ఎన్ని బీడీలో మీరే లెక్కేసుకోండి.) పాపం, పవన్‌ను అనేదేముంది? అతను కష్టపడి తెచ్చిన పాయింట్లను వెనకున్న డిఫెన్స్ వడ్డీతో సహా అవతలివాళ్లకు చెల్లించింది.

పది పాయింట్లు వెనకబడ్డాక టైమవుట్. అందరూ గుండ్రంగా చేరతారు, కోచ్‌గారు గాల్లో చేతులు తిప్పుతారు, కుర్రాళ్లు బుద్ధిగా తలలూపుతారు. కాసేపటికి ఆలౌట్! అంత బాగా తలూపించే విద్య మా బళ్లో పంతుళ్లకు కూడా రాదు.

పదకొండో సీజన్‌కు మళ్లీ కొత్త కోచ్. ఈసారి ఏకంగా 12 గెలిచారు. ఆ సీజన్‌లో ప్లేఆఫ్స్‌కు వెళ్లింది ఆరు జట్లు. మనది ఏడో స్థానం.