సదాశివరాయల చేతికి కత్తి

చరిత్ర దాచిపెట్టిన వీరుల సీజన్ నడుస్తోంది. సినిమా పోస్టర్ చూశారుగా, ఆఖరికి విజయనగర రాజు సదాశివరాయల్ని కూడా వదల్లేదు.

గుర్రం ముందుకాళ్లు లేపింది. వెనకాల మంటలు. కుర్రాడి చేతిలో వాడి ఎత్తు కత్తి. నాకు ఆ కత్తి దగ్గరే ఒళ్లు మండింది. ఏడాదికొక్కసారి జనానికి చూపించి మళ్లీ లోపల పెట్టేసిన రాజుకి కత్తి ఎవరిచ్చారండీ? ఆ రాజు పేరుతో రాజ్యమేలిన అళియ రామరాయలే ఇచ్చి, సాయంత్రం లెక్క చూసి వెనక్కి పుచ్చుకునేవాడా?

ఆ కండల సంగతేమిటి? కాపలావాళ్లే దగ్గరుండి కసరత్తు చేయించారనుకోవాలి. గుర్రపుస్వారీ మాటో? అంతఃపురం వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకి కాబోలు.

ప్రేమకథ కూడా ఉంటుందట. ఉండనివ్వండి.

వేళాకోళం చాలు. 1542లో అచ్యుతరాయలు పోయాక ఆయన కొడుకు వెంకటరాయలనే పసివాణ్ణి సొంత మేనమామ సలకం చినతిరుమలయ్యే చంపించాడు. ఆ మేనమామను కూల్చిన రామరాయలు గుత్తికోట చెరలో ఉన్న సదాశివుణ్ణి తెచ్చి విజయనగరం చెరలో పెట్టాడు. మధ్యలో ఒక కిరీటం, అంతే. రామరాయలు అడిగితే రాజు దానమిచ్చినట్టు 1556లో రాగిరేకుల మీద చెక్కించారు. కాదనే దిక్కు ఆ రాజుకుందా? ఆ రేకులు తరవాత బ్రిటిష్ మ్యూజియానికి చేరాయి.

ఏమీ చెయ్యనివ్వకపోవడమే వాడి కథ. అది రాయడం చేతకాక కత్తిచ్చి ఊరుకుంటున్నారు. వాణ్ణి వీరుణ్ణి చేశామనుకుంటున్నారు గానీ, తాళం వేసినవాళ్లను దర్జాగా బయటికి పంపించేస్తున్నారు. కత్తి తిప్పగలిగినవాడు బందీ ఎలా అవుతాడు? బందీయే లేకపోతే ఇక నేరమెక్కడిది? ఒక పిల్లవాడి బతుకు దోచుకున్న పెద్దలకు ఇంత చవకగా క్షమాభిక్ష ఇంకెక్కడా దొరకదు.

1565 జనవరిలో యుద్ధంలో రామరాయల తల తెగాక తమ్ముడు తిరుమలరాయలు ఖజానాను ఏనుగుల మీదకెక్కించి పెనుకొండకు పారిపోయాడు. సదాశివుణ్ణి కూడా పట్టుకుపోయాడు, సామాన్లలో సామానుగా. తిరుమలరాయల కొడుకే ఆ రాజును చంపాడని, 1567లో విజయనగరంలో నెలల తరబడి ఉన్న వెనిస్ వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్ రాసిపెట్టాడు. తరవాత పెనుకొండలో తిరుమలరాయలే కిరీటం పెట్టుకున్నాడు. సదాశివరాయల పేరు మీద శాసనాలు మాత్రం ఆపైన కూడా కొన్నేళ్లు వేయిస్తూనే ఉన్నారు.