సర్పంచమ్మ భర్తగా సుఖపడటం ఎలా?

మీ ఊరి సర్పంచ్ పదవి ఈసారి మహిళకు పడింది. దిగులు పడకండి, ఇంతకంటే మంచి అవకాశం మళ్లీ రాదు. పేరు మీ ఆవిడది, పెత్తనం మీది, ఏదైనా కేసు పడితే సంతకం ఆవిడదే. అయిదేళ్లు ఒళ్లు అలవకుండా, ఎవరికీ జవాబు చెప్పకుండా గడిపే దారి ఇక్కడ వరసగా రాస్తున్నాను. అనంతపురం జిల్లాలో అక్కరకొచ్చిన సలహాలే ఇవన్నీ. 2022లో సగం జిల్లా శ్రీ సత్యసాయి జిల్లా అయినా పద్ధతులేమీ మారలేదు, కాబట్టి ధర్మవరం వాళ్లూ, హిందూపురం వాళ్లూ నిశ్చింతగా వాడుకోవచ్చు.

ముందు మీకు అడ్డొచ్చేదేమిటో తెలుసుకోండి. అది రాజ్యాంగం. అమెరికా రాజ్యాంగంలో ఊరి ప్రభుత్వాల ఊసే లేదు, వాటి సంగతి అక్కడి రాష్ట్రాలే చూసుకుంటాయి. మనకు కూడా మొదట్లో 40వ అధికరణం ఒక్కటే ఉండేది. పంచాయతీలు పెట్టండని ప్రభుత్వానికి ఒక సూచన, అంతే. అది అమలు కాలేదని కోర్టుకెక్కే వీలు లేదు. ఆ రోజులు బాగుండేవి. 73వ సవరణ వచ్చి, 1993 ఏప్రిల్ 24 నుంచి అమలై, అంతా పాడుచేసింది. అయిదేళ్లకోసారి ఎన్నిక తప్పనిసరి అయింది. దళితులకు, గిరిజనులకు జనాభాను బట్టి, మహిళలకు మూడో వంతుకు తగ్గకుండా సీట్లన్నారు. మన రాష్ట్రం ఆ మూడో వంతును సగం చేసింది. అన్నిటికంటే ఇబ్బంది గ్రామసభ. ఓటర్ల జాబితాలో పేరున్న ప్రతి ఒక్కరూ, మీ చేలో కలుపు తీసే మనిషితో సహా, అందులో సభ్యులే. వీటిని రద్దు చేయడం మీ వల్ల కాదు. ఖాళీ చేయడం మాత్రం చాలా సులువు.

1. పోటీ లేకుండా చూసుకోండి. ఓటరును నమ్మవద్దు. 1952లో ఇదే అనంతపురంలో నీలం సంజీవరెడ్డి అంతటి నాయకుణ్ని జనం ఓడించి, ఆయన సొంత బావమరిది తరిమెల నాగిరెడ్డిని గెలిపించారు. కాబట్టి నామినేషన్లకు ముందే రచ్చకట్ట దగ్గర పెద్దమనుషుల్ని కూర్చోబెట్టి పదవి వేలం పాడించండి. డబ్బు రామాలయానికి అని చెప్పండి. గుడి మాట ఎత్తితే కాదనే నోరు ఉండదు. ఏకగ్రీవమైతే ప్రభుత్వం కూడా మెచ్చుకుంటుంది: 2021 ఎన్నికల్లో 2,000 లోపు జనాభా ఉన్న ఊరికి 5 లక్షలు, 10,000 దాటిన ఊరికి 20 లక్షలు ప్రోత్సాహకం ప్రకటించారు. రేపు ఎవరైనా నిలదీస్తే, "నీ ఓటుతో గెలిచినామా?" అని ఎదురడగండి. ఆ ప్రశ్నకు జవాబు ఉండదు.

2. కీ మీ జేబులో పెట్టుకోండి. పంచాయతీ చెల్లింపులు ఇప్పుడు కంప్యూటర్లో డిజిటల్ సంతకంతో జరుగుతాయి. ఆ సంతకం చిన్న పెన్‌డ్రైవ్ లాంటి దాంట్లో ఉంటుంది. అది వచ్చిన రోజే తీసేసుకోండి, పాస్‌వర్డు మీ ఫోన్ నంబరే పెట్టండి. మండల సమావేశానికి మీరే వెళ్లి ఆమె కుర్చీలో కూర్చోండి. ఎంపీడీఓ కొత్తవాడై అడిగితే చెప్పడానికి సాకులు వరసగా సిద్ధం చేసుకోండి. మొదటి నెల జ్వరం, రెండో నెల పుట్టింట్లో పెళ్లి, మూడో నెల చేలో చెనక్కాయ పీకుడు, నాలుగో నెల "మా ఆడమనిషికి ఇయన్నీ తెల్లేదు సార్". అయిదో నెలకు ఆయనే అడగడం మానేస్తాడు. ఇలాంటి పెత్తనం మీద కేంద్ర పంచాయతీరాజ్ శాఖ 2023లో ఒక కమిటీ వేసింది, కఠినమైన శిక్షలుండాలని ఆ కమిటీ చెప్పింది కూడా. నివేదిక వేరు, మీ ఊరు వేరు.

ఒక్క ప్రమాదం గురించి గట్టిగా హెచ్చరిస్తున్నాను. కొత్త సర్పంచులకు శిక్షణ తరగతులు పెడతారు. ఎట్టి పరిస్థితుల్లోనూ ఆమెను పంపవద్దు. ఒకసారి వెళ్లొస్తే క్యాష్‌బుక్ అడుగుతారు. రెండోసారి వెళ్లొస్తే పక్క మండలం సర్పంచమ్మ ఫోన్ నంబరు తెచ్చుకుంటారు. ఆ తర్వాత ఇంట్లో మీ మాట సాగదు. శిక్షణ తేదీ తెలియగానే అదే రోజు ఇంట్లో ఒక వ్రతం పెట్టుకోండి.

3. గ్రామసభ పెట్టండి, జనం రాకుండా పెట్టండి. అసలు పెట్టకపోతే సర్పంచ్ పదవికే ముప్పు, కాబట్టి ఆ తప్పు చేయకండి. తేదీల గురించి బెంగ వద్దు, జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2 ఉండనే ఉన్నాయి. మే 1న మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలకు పెట్టండి. ఆ ఎండలో మా జిల్లాలో కాకి కూడా కొమ్మ దిగదు. ఆగస్టులో వాన పడి ఉంటే ఊరంతా చేలల్లోనే ఉంటుంది. వాన పడకపోతే ఊరు బెంగళూరులో ఉంటుంది. ఎటు చూసినా మీకే లాభం. దండోరా వేయించండి, తెల్లవారుజామున నాలుగింటికి, మీ వీధిలో మాత్రమే. తలారికి రెండు వందలిస్తే అన్ని వీధులూ తిరిగానని సంతకం పెడతాడు.

స్థలం చాలా ముఖ్యం. పంచాయతీ ఆఫీసు ముందు పెడితే ఎస్సీ కాలనీ వాళ్లు కూడా వచ్చి కుర్చీల్లో కూర్చుంటారు. మీ ఇంటి వసారాలో పెట్టండి. రావద్దని ఎవరికీ చెప్పనక్కర్లేదు, గడప దగ్గరే ఆగిపోతారు. ఆడవాళ్లు ఎలాగూ రారు. వచ్చిన పదిమందికి ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టండి. నోట్లో బజ్జీ ఉన్నప్పుడు తీర్మానాలు చదివేయండి.

రిజిస్టరులో సంతకాల సంగతి ఇది. ఒకటో తేదీన పింఛన్లు ఇచ్చేటప్పుడు అవ్వలూ తాతలూ వేలిముద్రకు అలవాటు పడి ఉంటారు. అదే వరసలో గ్రామసభ రిజిస్టరు కూడా చాపండి. తీర్మానాల పుస్తకంలో ప్రతి సంతకానికి ముందు అర పేజీ ఖాళీ వదలండి, తీరిగ్గా నింపుకోవచ్చు. ఒక సంగతి గుర్తుంచుకోండి: 2024 ఆగస్టు 23న రాష్ట్రంలోని 13,326 పంచాయతీల్లోనూ ఒకే రోజు గ్రామసభలు పెట్టించారు. అలాంటి రోజు వస్తే భయపడి పారిపోకండి. వేదిక మీద మైకు మీరు పట్టుకోండి, రెండు గంటలు ధన్యవాదాలు చెప్పండి. అడగాల్సినవాళ్లు గొర్రెలు తోలుకోవడానికి లేచి వెళ్తారు.

4. కరువు పని అడిగితే నోటితోనే జవాబివ్వండి. దేశం మొత్తానికి ఉపాధి హామీ మొదలైంది మన జిల్లాలోనే, 2006 ఫిబ్రవరి 2న, నార్పల మండలం బండ్లపల్లిలో. ప్రధాని మన్మోహన్ సింగ్, సోనియా గాంధీ వచ్చి ప్రారంభించారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టూ వాన పడే నేల మరి, ఎంచుకోక ఏం చేస్తారు? 2005లో చేసిన ఆ చట్టం వంద రోజుల పని హక్కు అంది. కరువు మండలమని ప్రకటిస్తే మరో 50 రోజులు. దాని ప్రాణమంతా ఒక చిన్న కాగితంలో ఉంది, అది మీ చేతిలో ఉంది.

ఆ కాగితం పేరు రశీదు. పని కావాలని దరఖాస్తు ఇచ్చిన మనిషికి తేదీ వేసి రశీదు ఇవ్వాలి. ఆ తేదీ నుంచి 15 రోజుల్లో పని చూపించకపోతే నిరుద్యోగ భృతి లెక్క మొదలవుతుంది: మొదటి 30 రోజులు కూలిలో నాలుగో వంతు, ఆ తర్వాత సగం. రశీదే లేకపోతే తేదీ లేదు, తేదీ లేకపోతే పదిహేను రోజులూ లేవు, భృతీ లేదు. అందుకని ఎవరు వచ్చినా, "సరేలే, రాసుకుంటా, పో" అనండి. ఎంత ఆప్యాయంగా అంటే అంత మంచిది. పథకం పేరు మారినా, రోజుల లెక్క పెరిగినా ఈ కిటుకు మారదు.

పనులు కూలీలతో చేయిస్తే ఆలస్యం. యంత్రాలు, కాంట్రాక్టర్లు కూడదని చట్టం అంటుంది, రాత్రిపూట జేసీబీకి చట్టం కనపడదు. నీటి కుంట తెల్లారేసరికి తయారు. మస్టరులో బెంగళూరులో మేస్త్రీ పని చేస్తున్న వాళ్ల పేర్లు రాయండి. ఊళ్లో లేనివాళ్లు గొడవ చేయరు. పని చోట నీళ్లు, నీడ, మందుల పెట్టె, చంటిపిల్లలుంటే చూసుకునే ఆయా ఉండాలంటారు. వేపచెట్టు చూపించండి.

5. సామాజిక తనిఖీకి చుట్టాల్ని సిద్ధం చేసుకోండి. తనిఖీ వాళ్లు ఇల్లిల్లూ తిరిగి జాబ్‌కార్డూ మస్టరూ పోల్చి చూస్తారు. 2006లోనే మన జిల్లాలో ఊరూరా పాదయాత్రలుగా తిరిగి ఇది చేశారు కాబట్టి మనవాళ్లకు ఇది కొత్త కాదు. రెండు రోజుల ముందే జాబ్‌కార్డులన్నీ "అప్‌డేట్ చేయాల" అని వసూలు చేసి బీరువాలో పెట్టండి. తనిఖీకి వచ్చిన పిల్లలకు పడుకోవడానికి ఊళ్లో చోటు దొరక్కుండా చూడండి, లేదా మీ ఇంట్లోనే పడక, కోడి పులుసు ఏర్పాటు చేయండి. రెండోది ఎక్కువ ఫలితమిస్తుంది. మండల కేంద్రంలో ప్రజావేదిక జరిగే రోజు ఫిర్యాదు చేసిన ముసలాయన్ని మీ బండి మీద ఎక్కించుకుని వేరే పనికి తీసుకెళ్లండి. మనిషి లేకపోతే వాంగ్మూలం నిలబడదు.

6. సమాచార హక్కు దరఖాస్తుకు 29 రోజులు నిద్రపోండి. 2005 చట్టం 30 రోజుల గడువిచ్చింది. మన రాష్ట్రంలో గ్రామ స్థాయిలో దరఖాస్తుకు రుసుము కూడా లేదు, కాబట్టి ఎవడైనా రాసేస్తాడు. 29వ రోజున, "మీరు కోరిన సమాచారం స్పష్టంగా లేదు" అని కార్యదర్శి చేత రాయించండి. ఆలస్యమైతే రోజుకు 250 చొప్పున 25,000 వరకు జరిమానా పడొచ్చు. అది పడేది కార్యదర్శికి, మీకు కాదు. అప్పీలు అంటాడు, రెండో అప్పీలు అంటాడు. అనంతపురం నుంచి కమిషన్ దాకా బస్సు చార్జీలు ఎవరివి? వాడివే. పనిలో పనిగా వాడి అన్నకు ఇల్లు మంజూరు కావాల్సి ఉందేమో కనుక్కోండి.

7. పౌరహక్కుల దినం ఘనంగా జరపండి. అంటరానితనాన్ని 17వ అధికరణం రద్దు చేసింది, 1955లో పౌరహక్కుల చట్టం వచ్చింది, 1989లో అట్రాసిటీ చట్టం వచ్చింది. ప్రతి నెలా 30న తహసీల్దారు, ఎస్సై ఊళ్లోకి వచ్చి ఈ చట్టాల గురించి చెప్పాలి. ఫిబ్రవరిలో 30వ తేదీ రాదు, ఒక నెల తగ్గింది. మిగతా నెలల్లో వాళ్లకు తీరికుండదు. వస్తే బడి దగ్గర బ్యానర్ కట్టి, కాలనీ నుంచి ఇద్దర్ని పిలిచి మధ్యలో నిలబెట్టి ఫొటో తీయండి. టీ బంకులో రెండు గ్లాసుల గొడవ రాకుండా ఆ రోజుకు అందరికీ పేపర్ గ్లాసులు పెట్టించండి. గుడి తాళం మాత్రం పూజారి దగ్గర, పూజారి బంధువుల ఊళ్లో ఉండాలి.

8. నీళ్ల డబ్బు. 15వ ఆర్థిక సంఘం నిధుల్లో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే వాడాలన్నారు. మంచిదే. ఎండిన బోరుకు కొత్త మోటారు బిల్లు పెట్టండి. ఎండిన బోరులోకి దిగి చూసేవాడు లేడు. వేసవిలో ట్యాంకరు రోజుకు రెండుసార్లు తిరిగితే పుస్తకంలో ఆరుసార్లు తిరగాలి.

9. తప్పు బయటపడితే రాజీనామా చేయకండి. ఇల్లూరులో పుట్టిన సంజీవరెడ్డి రాజ్యాంగ సభలో కూర్చున్న మనిషి. 1959లో షాద్‌నగర్‌లో నెహ్రూ చేత పంచాయతీరాజ్‌ను ప్రారంభింపజేసినప్పుడు ముఖ్యమంత్రి ఆయనే. కర్నూలు బస్సు రూట్ల జాతీయీకరణ కేసులో సుప్రీంకోర్టు తన ప్రభుత్వాన్ని తప్పుపట్టిందని 1964లో ముఖ్యమంత్రి పదవి వదిలేశారు. ఆ పద్ధతి మీకు సరిపడదు. మీరు ఆయన ఫొటో, హిందూపురం వైపు నుంచి రాజ్యాంగ సభకు వెళ్లిన కల్లూరు సుబ్బారావు ఫొటో, అంబేడ్కర్ ఫొటో పంచాయతీ ఆఫీసులో తగిలించి జనవరి 26న దండలు వేయండి. దండ వేసినవాణ్ని రాజ్యాంగం గురించి ఎవరూ ప్రశ్నించరు. కలెక్టర్ నోటీసు వస్తే అది సర్పంచ్ పేరు మీదే ఉంటుంది. ఆవిడ చేతికివ్వండి, మీరు తిరుపతి వెళ్లండి.

10. అయిదో ఏడాదికి ఫలితం కళ్లారా చూస్తారు. గ్రామసభకు ఎవరూ రారు. పని అడిగేవాళ్లు ఉండరు. కాలనీలో సగం ఇళ్లకు తాళాలు పడతాయి, పిల్లలు బెంగళూరు శివార్లలో కట్టే భవనాల పక్కన రేకుల షెడ్లలో పెరుగుతుంటారు. ఊళ్లో ముసలివాళ్లు, మీరు, మీ ట్యాంకరు మిగులుతారు. పూర్తి ప్రశాంతత. అయితే రిజర్వేషన్ మారుతుంటుంది, వచ్చేసారి సీటు ఎస్సీ మహిళకో, బీసీ మహిళకో పడొచ్చు. మీ దగ్గర పనిచేసేవాళ్లలో సంతకం నేర్చిన మనిషిని ఇప్పుడే చూసి పెట్టుకోండి, మరీ ఎక్కువ చదివిన మనిషి వద్దు. పోలింగ్ నాడు ఓటర్లను బెంగళూరు నుంచి తేవడానికి బస్సులు మీరే మాట్లాడాలి, వాటి అడ్వాన్సు రెండు నెలల ముందే కట్టేయండి.