గట్టు మీద లెక్క

మా రోజుల్లో పంట పోతే ఊరి భూముల లెక్కలు రాసే కరణం చేలోకి వచ్చేవాడు. ఏ చేలో ఏ పంటో రాసుకునే అడంగల్ పుస్తకం చంకలో పెట్టుకుని, తలారి ముందు నడుస్తుంటే, గట్టు వెంట వచ్చి మడిలో దిగేవాడు. నాలుగు వెన్నులు తుంచి అరచేతిలో నలిపితే గింజెంతో తాలెంతో తెలిసిపోయేది. ఆ చేను ఎవరిదో, అందులో దుక్కి దున్ని నాట్లు వేయించింది ఎవరో ఆయనకి ఒకరు చెప్పక్కర్లేదు.

కరణాల్ని వెనకేసుకురావడం లేదు. చెయ్యి తడపందే కలం కదపనివాళ్లనీ చూశాను. 1984లో ఎన్.టి. రామారావు గారి ప్రభుత్వం ఆ ఉద్యోగాలు తీసేసినప్పుడు సంతోషించినవాళ్లలో నేనూ ఉన్నాను. వాళ్లతో పాటు ఆ చూపు కూడా పోతుందని అప్పుడు తోచలేదు.

1977 నవంబరు 19 ఉప్పెనకి మా దివిసీమలో వేలమంది పోయారు. కోతకొచ్చిన వరి మీద సముద్రం నడిచి వెళ్లింది. నీళ్లు తీశాక మళ్లలో ఉప్పు పేరింది. ఆ కాలంలో పంట పోయిన రైతుకి సర్కారు చేసేదల్లా శిస్తు మాఫీ, కాస్త తకావీ. తకావీ అంటే అప్పే, తిరిగి కట్టాల్సిందే. ఇప్పుడు పెట్టుబడి రాయితీ అని నేరుగా బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. అది మేలే, కాదనను. మూడో వంతు పంట దెబ్బతింటే చాలు, కేంద్రం లెక్కలో నీటిపారుదల భూమికి హెక్టారుకి 17,000 రూపాయలు, అదీ రెండు హెక్టార్ల వరకే. అంటే ఎకరాకి ఏడు వేలు కూడా లేదు. కోత కూలీకే చాలదు. అయినా చేతికొస్తే ఆసరాయే.

ఎవరి చేతికి వస్తోందన్నదే నా బాధ.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. మా పక్క చేను మూడు రోజులు నీళ్లలో పడి ఉంది. వెన్ను మీదే గింజ మొలకెత్తింది. చేసేది కౌలు రైతు. విత్తనం, ఎరువు, కూలీ అన్నీ అతనివే, పైగా పంట వచ్చినా రాకున్నా కౌలు బస్తాలు కొలవాలి. లెక్క రాసేవాళ్లు వారం తర్వాత వచ్చి రోడ్డు మీదే ఆగి ఫొటో తీసుకుని వెళ్లారు. ఏ చేలో ఎవరు ఏ పంట వేశారో కంప్యూటర్లో నమోదు చేసే ఈ-పంటలో ఉన్నది భూమి యజమాని పేరు. ఆయన హైదరాబాదులో ఉంటాడు, ఆ ఏడు చేను మొహం చూడలేదు. డబ్బు ఆయన ఖాతాలో పడింది.

కౌలు రైతుల కోసం తెచ్చిన 2019 చట్టం ప్రకారం పదకొండు నెలలకి కౌలు కార్డు ఇస్తారు. దానివల్ల భూమి మీద ఏ హక్కూ రాదని చట్టంలోనే రాసి ఉంది. అయినా యజమాని సంతకం లేందే కార్డు లేదు, యజమానేమో భయపడి సంతకం పెట్టడు. పంట నమోదుకి వచ్చిన మనిషి గట్టు దాకా నడిచి, చుట్టుపక్కల చేలవాళ్లని నలుగురిని పిలిచి, ఇది దున్నుతున్నదెవరని అడిగితే ఒక్క నిమిషంలో తేలిపోతుంది. కంప్యూటర్లు లేని రోజుల్లో మా ఊళ్లో జరిగిన పనే అది.

మొన్న ఆ పక్క చేను కౌలు రైతు మళ్లీ నారుమడి దున్నుతున్నాడు. ఈసారైనా సంతకం పెట్టించుకున్నావా అని అడిగాను.

"అడిగితే చేను ఇంకొకరికి ఇచ్చేస్తారు బాబాయ్" అని ట్రాక్టరు తిప్పుకున్నాడు.