ఏడో పొజిషన్ బావ

మా బావకు మూఢమొస్తే పండుగ. ముహూర్తాలుండవు, పెండ్లిళ్లుండవు, బరాతులుండవు. నల్లగొండలో బ్యాండు వాళ్లంతా డ్రమ్ముల మీద గుడ్డలు కప్పి, పోయిన సీజన్ బాకీల కోసం ఊళ్లు తిరుగుతుంటారు. బావ మాత్రం పొద్దున నాలుగున్నరకే లేచి, మొహం కడుక్కుని, చెంబెడు నీళ్లు తాగి, ట్రాంబోను చంకన పెట్టుకుని మేడెక్కుతాడు. ముహూర్తాలుండని ఆషాఢంలోనూ అంతే. ఆ నెలలో కొత్త కోడళ్లు పుట్టింటికి ఎందుకు పోతారో పెద్దలు రకరకాల కారణాలు చెప్తారు. బావ ఉండే గల్లీలో కారణం ఒక్కటే, అది మేడ మీద ఉంటుంది.

ఇలాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఒకరు ఉండే ఉంటారు. వాయించేది ట్రాంబోనే కానక్కర్లేదు. ఎవరూ అడగని పనిని ప్రాణం పెట్టి చేస్తారు, చేస్తున్నట్టు ఊరందరికీ తెలిసేలా చేస్తారు, చివరికి ఎవరూ గుర్తించడం లేదని నొచ్చుకుంటారు. మా బావ ఆ జాతిలో ముందు వరుస మనిషి. ఆ మాట అక్షరాలా నిజం. కవాతు బ్యాండులో ట్రాంబోన్లను ముందు వరుసలోనే నిలబెడతారు. గౌరవం కోసం కాదు. వెనక నిలబెడితే స్లైడు పోయి ముందువాడి నడుముకు తగులుతుంది.

బావ పోలీసు బ్యాండులో వాయించి రిటైరయ్యాడు. పెన్షనొస్తుంది, ఇల్లు సొంతం, పిల్లలు స్థిరపడ్డారు. అయినా సీజన్లో పెండ్లి బ్యాండుతో తిరుగుతాడు. ఎందుకు బావా అంటే, "ఊపిరి ఊకె నిలువ పెడితే పాడైతది బామ్మర్దీ" అంటాడు. దగ్గర ఉన్నది మీరట్‌లో తయారైన పాత ట్రాంబోను. మన దేశంలో పెండ్లి బ్యాండ్ల ఇత్తడి వాయిద్యాలు ఎక్కువగా అక్కడివే. జాలీ కోఠీ అనే బజారు, 1885లో మొదలైన నాదిర్ అలీ కంపెనీ, ఈ రెండు పేర్లూ బావ నోట కాశీ, రామేశ్వరం అన్నంత భక్తిగా వస్తాయి. కాశీకి ఇంకా పోలేదు. మీరట్‌కు పోయొచ్చాడు.

పాట వాయించడం మీద ఆయనకు మోజు లేదు. పాట ట్రంపెట్టు వాళ్లది, క్లారినెట్టు వాళ్లది. "మీదోళ్లు పాట వాయిస్తరు, కిందోళ్లం పాటను మోస్తం" అన్నది ఆయన సిద్ధాంతం. మోయడానికి ఆయన ఎంచుకున్న చోటు మరీ అడుగున ఉంది. అది తెలియాలంటే వాయిద్యం సంగతి కాస్త చెప్పాలి. ట్రాంబోనంటే రెండు మడతలు పడిన దాదాపు తొమ్మిది అడుగుల గొట్టం. స్వరం మార్చే మీటలుండవు. ముందుకూ వెనక్కూ జరిపే స్లైడు ఉంటుంది. దానికి ఏడు పొజిషన్లు. ఒకటోది ముక్కు దగ్గర, ఏడోది చెయ్యి బార్లా చాచితే అందేంత దూరం. మామూలు టెనర్ ట్రాంబోను స్వరం దిగుతూ దిగుతూ ఏడో పొజిషన్లో 'ఇ' దగ్గర ఆగిపోతుంది. దాని కింద ఇ-ఫ్లాట్, డి, డి-ఫ్లాట్, సి, బి అనే ఐదు స్వరాలు ఆ వాయిద్యంలో లేవు. వాటినీ దాటి దిగితే, స్లైడు పూర్తిగా మూసిన చోట బి-ఫ్లాట్ మళ్లీ తగులుతుంది. పెడల్ అంటారు దాన్ని. సెకనుకు 58 కంపనాలు. చెవికంటే ముందు కిటికీ అద్దానికి వినిపిస్తుంది.

మా బావ వెతుకుతున్నది సరిగ్గా ఆ లేని ఐదింటినే.

ఈ లోటు పూడ్చడానికి జర్మనీలో సాట్లర్ అనే ఆయన 1839లోనే ఉపాయం కనిపెట్టాడు. బొటనవేలితో నొక్కితే గాలి ఇంకో గొట్టంలోకి మళ్లే వాల్వు పెట్టాడు. దాంతో ఐదింట్లో నాలుగు పలుకుతాయి. బావ ట్రాంబోనుకు ఆ వాల్వు లేదు. లేదని చెప్తే ఒప్పుకోడు. "ఎందుకు లేవంటవ్? ఉన్నయ్. పెదవి ఇడవాలె, గొంతు తెరవాలె, గాలి పంపాలె. గంతే." అందులో కొంత నిజముంది కూడా. పెదవులు బాగా వదులు చేసి బతిమాలితే ఆ చోట ఏదో ఒక స్వరం లాంటిది వస్తుంది, చేయి తిరిగిన వాళ్లు తెప్పిస్తారు. ఆ కొంత నిజమే మా కొంప ముంచింది. నల్లగొండ పక్కనే ముషంపల్లి ఉంది. అక్కడ మనుషుల కంటే బోర్లు ఎక్కువని పాత్రికేయుడు పి. సాయినాథ్ రాశారు. మూడు వందల అడుగులకు నీళ్లు పడకపోతే ఇంకో యాభై, అక్కడా పడకపోతే ఇంకో చోట. బావ ఆ నేల మనిషే. ఒక్కసారి తడి తగిలితే చాలు, ఇక ఆపడు.

సాధన వేళ నాలుగున్నర ఎందుకంటే దానికీ శాస్త్రముంది. తెల్లవారుజామున మంద్ర స్థాయి సాధకం చేస్తే గొంతు నిలుస్తుందని పాటగాళ్లు చెప్తారు. హిందుస్తానీ వాళ్లు దాన్నే ఖరజ్ సాధన అంటారు. గొంతుకు చెప్పిన ఈ మాట ఇత్తడికి కూడా వర్తిస్తుందని బావ చెవిన వేసిందెవరో తెలియదు. మా అక్క ఆ చెప్పినాయన కోసం వెతుకుతూనే ఉంది.

అక్క కష్టాలు వేరే. స్లైడు నున్నగా జారాలంటే నూనె పెట్టాలి. దానికి వేరే క్రీములున్నాయి, స్లైడు నూనెలున్నాయి. కానీ పాతకాలం వాద్యకారులు ముఖానికి రాసే కోల్డ్ క్రీమే పూసి, పైన నీళ్లు చిలకరించేవాళ్లు. బావకు పాతకాలమంటే గురి. అక్క పాండ్స్ డబ్బా చలికాలంలో తెచ్చుకుంటే సంక్రాంతి దాకా ఉండదు. "తమ్మీ, నా మొహం పగిలినా ఫరవాలేదు గని, ఆ గొట్టం మాత్రం నిగనిగలాడాలె" అని ఫోన్లో మొత్తుకుంటుంది. ఆ డబ్బాలో ఆయన వేలు దిగిన గుంట లోతుగా, గుండ్రంగా ఉంటుంది. ఆడవాళ్లు క్రీము అలా తీయరు. దొంగ ఎవరో విచారణ అక్కర్లేదు.

బయటికి పోయేటప్పుడు ట్రాంబోను తీసుకుపోలేడు కాబట్టి దాని మౌత్‌పీస్ ఒక్కటి చొక్కా జేబులో వేసుకుంటాడు. దేవరకొండ బస్సులో కిటికీ పక్కన కూర్చుని దాన్ని పెదవులకు ఆనించి, కళ్లు మూసుకుని కింది స్వరం మొదలుపెడతాడు. పక్క సీటు మల్లేపల్లి రాకముందే ఖాళీ అవుతుంది. ఒకసారి కండక్టరు వచ్చి, "పెద్దాయనా, పానం మంచిగ లేదా? బస్సు ఆపమంటవా?" అని అడిగాడు. బావ కళ్లు తెరవకుండానే వేలు పైకెత్తి ఆగమన్నాడు. స్వరం సగంలో ఆపితే పెదవి అలవాటు తప్పుతుందట.

పక్కింటి బర్రెది ఇంకో కథ. మేడ మీద పెడల్ స్వరం మొదలవగానే అది మెడెత్తి ఇటు చూస్తూ నిలబడేది. కొన్నాళ్లకు జవాబివ్వడం మొదలుపెట్టింది. దాని యజమాని వచ్చి గేటు దగ్గర నిలబడి, "పోలీస్ సారూ, జర మీరు ఆగుండ్రి. పాలు పిండుదమంటే అది మీ దిక్కే చూస్కుంట చేపుతలేదు" అన్నాడు. ఎవరైనా క్షమించమంటారు. బావ అడిగిన ప్రశ్న ఇది: "ఏ స్వరంల అరిసింది?" ఆ సాయంత్రం మేనకోడలు ఫోన్లో ఒక వీడియో చూపించింది. అమెరికాలో కాన్సస్ రైతు డెరెక్ క్లింగెన్‌బర్గ్ 2014లో పొలంలో కుర్చీ వేసుకుని ట్రాంబోను వాయిస్తే, దూరాన మేస్తున్న పశువులన్నీ వచ్చి ఆయన ముందు నిలబడ్డాయి. అది ఆ పిల్ల చేసిన ద్రోహం. ఇప్పుడు బావ దగ్గర అంతర్జాతీయ సాక్ష్యం కూడా ఉంది.

పరదేశం పేర్లలో ఆయనకు తెలిసింది మరొకటి, బెర్లియోజ్. బ్యాండు మాస్టరు ఎప్పుడో చెప్పాడట, అప్పట్నుంచి "బెర్లియోజ్ సారు" అంటాడు. ఆ సారు 1837లో ప్యారిస్‌లో వినిపించిన ఒక రచనలో పైన పిల్లనగ్రోవులు, అట్టడుగున ట్రాంబోన్ల పెడల్ స్వరాలు, మధ్యలో ఖాళీ ఉంటుంది. అదే పద్ధతి పెండ్లిలో పెడదామని బావ మా ఊరి బ్యాండు మేస్త్రీతో వాదించాడు. ఎదురుకోళ్ల దగ్గర పైన ఒక్క క్లారినెట్టు, కింద తను, మధ్యలో అందరూ ఆగాలి. మేస్త్రీ పది మందికి కూలి కట్టేవాడు. "అందర్నీ ఆపితే పైసలెవరిస్తరు కాకా?" అన్నాడు. బెర్లియోజ్ రచన చనిపోయిన వాళ్ల కోసం చేసే ప్రార్థనకు కట్టిన సంగీతమని నేనూ చెప్పి చూశాను. "సావుకైనా పెండ్లికైనా కింది స్వరం ఒక్కటే బామ్మర్దీ" అన్నాడు. దీనికి జవాబు ఇప్పటికీ నా దగ్గర లేదు.

నా పెండ్లి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం రాసి లాభం లేదు. మా అత్తగారిది జడ్చర్ల. బరాతులో గుర్రం మీద నేను, ముందు బ్యాండు, బ్యాండుకు ముందు బావ. బామ్మర్ది పెండ్లి కాబట్టి ఆ రోజు ఫ్రీ. విడిది దాటాక మేస్త్రీ చెయ్యెత్తితే అందరూ ఆపారు. పాట మారే ఆ చిన్న నిశ్శబ్దం కోసం బావ ఎన్నేండ్లుగా కాచుకున్నాడో ఏమో. స్లైడు మూసి, పెదవి వదిలి, పెడల్ బి-ఫ్లాట్ అందుకున్నాడు. అద్భుతంగా పలికింది, అది మాత్రం ఒప్పుకోవాలి. గుర్రం నాలుగడుగులు పక్కకు వేసి పెసర బజ్జీల బండిలో మూతి పెట్టింది. నా బాసికం ముక్కు మీదికి జారింది. ఆ వీడియో మా అత్తగారింట్లో ఇప్పటికీ చూస్తారు. అటువైపు ఏ శుభకార్యానికి పిలిచినా ముందు అడిగేది, "మీ బావగారు కూడా వస్తున్నరా?" అనే. ఆయనేమో అభిమానంగా అడుగుతున్నారనుకుంటాడు.

ఇంతా చేసి మనిషి పిసినారి కాదు. బ్యాండులో చేరిన పిల్లలకు ఉచితంగా నేర్పుతాడు. వాళ్లకు కావలసింది కొత్త సినిమా పాట. ఈయన చెప్పేది ఒక్క స్వరం మీద ఊపిరి ఉన్నంత సేపు నిలబడమని. పది మందిలో తొమ్మిది మంది మర్నాడు రారు. వచ్చిన ఆ ఒక్కడికి అక్క చేత జొన్న రొట్టె, కోడికూర పెట్టించి, నీళ్లు బయటికి పోయే చిన్న మీట ఎలా నొక్కాలో, స్లైడు చివర రబ్బరు నేలకు తగలకుండా ఎలా పట్టుకోవాలో గంటసేపు చూపిస్తాడు. అప్పుడు ఆయన గొంతు చిత్రంగా మెత్తబడుతుంది. అక్క వంటింట్లోంచి విని, "నాతో ఎన్నడన్న అట్ల మాట్లాడిండా?" అంటుంది. రొట్టె మాత్రం ఇంకోటి వేస్తుంది.

ఆయనకు అసలు శత్రువు డీజే. బ్యాండును పిలిచేవాళ్లలో సగం మంది ఇప్పుడు డీజే లారీనే పిలుస్తున్నారు. బావ దాన్ని తిట్టని రోజు లేదు. అయితే మొన్న మాఘంలో మిర్యాలగూడ పెండ్లిలో కనబడకపోతే వెతికాను. డీజే లారీ వెనక, మనిషెత్తు బాక్సుల పక్కన అరచెయ్యి ఆనించి నిలబడి ఉన్నాడు. తన ట్రాంబోనులో లేని ఆ ఐదు స్వరాలూ, వాటి కిందివి కూడా, ఏ కష్టమూ లేకుండా ఆ పెట్టెలోంచి బయటికి పడుతున్నాయి. నన్ను చూసి చెయ్యి తీసేశాడు. "దిగుతది, కాదంట లేను. గని ఊపిరి లేదు దాంట్ల" అన్నాడు. మళ్లీ రెండు నిమిషాలకు, "డి బాగ పలికింది" అన్నాడు.

నేనేం తక్కువ తినలేదని మా ఆవిడ అంటుంది. ఏ బరాతుకు పోయినా నేనిప్పుడు పాట వినడం మానేశాను. పాట కింద ఎవరున్నారో చెవి పెట్టి వెతుకుతాను. ఎవరూ లేకపోతే అన్నం సహించదు. వధూవరుల మీద అక్షతలు వేస్తూ, "అడుగున ఎవరూ లేరే" అన్నానని మొన్న అందరి ముందూ కసిరింది.

పోయిన నెల బావ ఫోన్ చేశాడు. మీరట్‌లో సెకండ్ హ్యాండ్ బేస్ ట్రాంబోను ఉందట, రెండు వాల్వులతో. ఐదు స్వరాలూ పలుకుతాయట. ఇద్దరం సగం సగం పెట్టుకుందామా అన్నాడు. ఆలోచించుకుని చెప్తానన్నాను. ఆ రాత్రే పంపేశాను. తెల్లారి అక్క ఫోన్ చేసింది. "పైసలు పంపినవట? సంతోషం తమ్మీ. అయితే అది నీ ఇంట్లనే ఉంటది, ఆయన కూడ అక్కడికే వచ్చి కొట్టుకుంటడు" అని పెట్టేసింది.

వచ్చే మూఢానికి బావ వస్తున్నాడు. కింది వాటా అద్దెకిచ్చాం, కొత్త దంపతులు, ఇద్దరూ నైట్ షిఫ్టు చేసి పొద్దున నాలుగింటికి వచ్చి పడుకుంటారు. వాళ్ల దగ్గర మూడు నెలల అడ్వాన్సు తీసుకున్నాక, బావ వచ్చే సంగతి మెల్లగా చెబుదామనుకుంటున్నాను.