ఖేడులో ఏమియు గమనింపక జీవించు విధానము

తానున్న ఊరిని చూడకుండ ఆయుర్దాయము గడుపుట కఠోరమైన సాధనయని భ్రమపడువారు లేకపోలేదు గాని, నారాయణఖేడున నివసించు భాగ్యము కలిగినవారికి ప్రకృతియే ఇందు సగము తోడ్పడును. ఏలయన ఇంద్రియములు మార్పును మాత్రమే మనస్సునకు విన్నవించి, నిత్యమైనదానిని చడీచప్పుడు లేక విడిచిపెట్టును. తక్కిన సగము కొరకే ఈ సూచనలు.

ముందుగా చెవులను అదుపులో నుంచుకొనవలెను. అంగడినాడు తెలుగున బేరమాడి, ఉర్దూలో ఉద్దెర చెప్పి, బీదరునుండి వచ్చిన వ్యాపారితో కన్నడమున హాస్యమాడి, దెగ్లూరు చుట్టమును మరాఠీలో కుశలమడిగి, తండానుండి వచ్చిన తల్లి తన బిడ్డను గోర్‌బోలిలో గదమాయించుట విని తనకు తెలియకయే నవ్వి, మధ్యాహ్నమునకు ఇల్లు చేరిన మనుష్యుడు, “మనకు భాషలెక్కడ వస్తయి?” అని నిట్టూర్చి, కుమారునికి ఇంగ్లీషు నేర్పు కోచింగు సెంటరునకు రుసుము చెల్లింపవలెను. ఇట్టి నాలుక గలవానిని మహానగరములలో బహుభాషావేత్తయని సభలకు పిలుతురు. ఇచ్చట కిరాణాకొట్టు సేటందురు. (ఏ భాషనుండి ఏ భాషకు దాటుచున్నానని తలపోయువానికి, నడచుచు అడుగులు లెక్కించువానివలె, కాలు తడబడును గనుక, ఈ ఒక్క విషయమున గమనింపకుండుటయే మేలేమోనని నాకును అనుమానము కలదు.)

చరిత్ర జోలికి పోవలదు. ఈ తాలూకా 1956 నవంబరు 1 వరకు బీదరు జిల్లాలోనిదనియు, రాష్ట్రముల పునర్వ్యవస్థీకరణ చట్టము దానిని జహీరాబాదుతోపాటు ఆంధ్రప్రదేశమున కిచ్చుటచే మెదకు జిల్లాలో చేరెననియు, 2014లో రాష్ట్రమును, 2016 అక్టోబరులో జిల్లాయు మరల మారెననియు, అనగా ఒకే ఇంటి అరుగుపై కూర్చుండిన వృద్ధుడు కదలకయే ఇన్ని చిరునామాలు దాటెననియు తెలిసినచో, ఆయన నోట కన్నడమెట్లు నిలిచెనను ప్రశ్న పుట్టును. పుట్టినచో తాతనే అడుగవలసివచ్చును; తాత మొదలుపెట్టెనా, టీవీ సీరియలు తప్పిపోవును.

జొన్నరొట్టె విషయమున నియమము సులభము: మధుమేహము వచ్చి వైద్యుడు చీటిపై వ్రాయువరకు దానిని పేదవాని తిండిగనే పరిగణింపవలెను. జహీరాబాదు చెంత పస్తాపూరున దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన స్త్రీలు, అందును పెక్కురు దళితులు, పాత విత్తనములు కాపాడి, సంక్రాంతి దినములలో ఎడ్లబండ్లపై పాత పంటల జాతర నడిపి, 2008లో సంగం రేడియో నెలకొల్పుకొనిరి. ఆ సంస్థకు 2019లో ఈక్వేటర్ పురస్కారము లభించెను. అట్టి వార్త పత్రికలో కనబడినప్పుడు వరియన్నము తినుచు చదువుట శ్రేయస్కరము.

అన్నిటికన్న గడుసు అభ్యాసము తండాల సంగతి. అద్దాల రవికలను, తీజ్ పండుగనాటి గోధుమ మొలకల బుట్టలను చూచినను దోషములేదు. అవి ఫోటోలకు పనికివచ్చును. చెరకు కోతల కాలమున కుటుంబములకు కుటుంబములే సామానుతో లారీలెక్కి పరాయి ప్రాంతములకు పోయిన పిదప, తలుపులకు వ్రేలాడు తాళములను, గుమ్మములలో మిగిలిన ముసలివారిని, బడిలో పలుచబడిన వరుసలను కన్ను తాకకుండ దాటవలెను. ఎండలు ముదురునాటికి వారెటులును తిరిగివత్తురు గదా, మధ్యలోని నెలలను లెక్క కట్టుట ఎందులకు?

ఇక హైదరాబాదునుండి చుట్టము వచ్చి, “మీ ఖేడ్‌ల సూడనీకి ఏమున్నది బావా?” అనినప్పుడు, క్షణమైనను ఆలోచింపక, “ఏం లేదు బావా, ఉత్త ఊరు” అని, ఆయనను కారులో బీదరు కోటకు తోడ్కొనిపోవలెను. బిద్రీ పనివారు ఆ కోటలోని మన్నుతోనే పాత్రలకు నలుపు తెత్తురని అక్కడివారు చెప్పగా ఇరువురును తగినంత ఆశ్చర్యపడవలెను. ఆ మన్ను చిటికెడు మూటగట్టుకొనెదనని చుట్టము ముచ్చటపడినచో, “మట్టిల ఏమున్నది?” అని మాత్రము అనకుడు. ఆ మాట ఊరిలో వాడుకొనుటకు దాచుకొనవలెను.